కట్టె కోత రంపం ఇంజనుకు బలం పెంచుకొనుట



ఈ పూట నేను విత్తనం గురించి గాని, ఎరువు గురించి గాని మాట్లాడబోవడం లేదు. కట్టె కోసే రంపం మిషను గురించి కొన్ని మాటలు మనవి చేస్తాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ఏ ఊరికి పోయినా ఈమధ్య నాకు ఎదురవుతున్న ప్రశ్న ఒకటున్నది. “సార్, రంపం మిషన్ గుంజుతలేదు. లోపల పోర్టు పెద్దగ కోయిస్తే జోరు పెరుగుతదంట గద, కోయించమంటరా?” అని. పంటల సంగతి అడిగితే వెంటనే జవాబు చెప్పగలను. ఈ ప్రశ్నకు మాత్రం మొదట్లో తొందరపడి జవాబు చెప్పి ఒక కుటుంబానికి నష్టం తెచ్చిపెట్టినాను. ఆ సంగతి కూడా దాచకుండా చెప్తాను.

మన ప్రాంతంలో ఈ మిషనుకు ఇంత గిరాకీ ఎందుకు వచ్చిందో మీకు తెలియనిది కాదు. సర్కారు తుమ్మ. ఈ చెట్టును 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో అప్పటి అడవి శాఖ వారు వంటచెరకు కోసమని నాటించినారు. నాటిన వారి ఉద్దేశం మంచిదే. కాని అది అక్కడ ఆగలేదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డలో బీడు కనిపిస్తే చాలు అదే, చెరువు కడుపులో అదే, కాలువ గట్టున అదే. 2015లో చెరువుల పూడికతీత పనులు మొదలైనప్పుడు ఎన్ని చెరువుల్లో మట్టికన్నా ముందు తుమ్మను తీయవలసి వచ్చిందో పనిచేసినవారికి గుర్తుండే ఉంటుంది. ఇక కొల్లాపూరు వైపు మామిడి తోటలున్నాయి. ముసలి చెట్ల కొమ్మలు కొట్టి కొత్త చిగురు తెప్పించుకోవాలన్నా, గాలివానకు పడిన మానును దారిలోంచి తీయాలన్నా గొడ్డలితో రోజులు పడుతుంది. అందుకని ఊరికి ఇద్దరు ముగ్గురు యువకులు రంపం మిషను కొనుక్కొని కిరాయికి కోస్తున్నారు. ఒకప్పుడు సుత్తి, గడ్డపార పట్టుకొని దూరదేశాలకు మట్టిపనికి పోయిన ఇండ్లలోనే ఈనాడు ఈ మిషన్లున్నాయి. ఉన్న ఊళ్లోనే కూలి దొరికే సాధనం కనుక అది పాడైతే ఆ ఇంటికి అది చిన్న నష్టం కాదు.

కొల్లాపూరు వైపు అట్లాంటి అన్నదమ్ములు ఇద్దరున్నారు. వానలు పడేలోపు ఒక పొలంలోని తుమ్మంతా కోసి శుభ్రం చేసి ఇస్తామని ఒప్పుకొని బయానా తీసుకున్నారు. పని తొందరగా తెమలాలని, మోటారు సైకిళ్లు బాగుచేసే ఒకాయన దగ్గరకు మిషను తీసుకుపోయినారు. ఆయన పాత ఆర్‌ఎక్స్ 100 బండ్లకు పోర్టు కోసి పందెం బండ్లుగా మార్చడంలో పేరుపడ్డవాడు. ఒక్క పూటలో ఎగ్జాస్టు పోర్టును రెండు ప్రక్కలకూ, పైకీ కోసి ఇచ్చినాడు. మొదటి రోజు మిషను గాండ్రించింది. రెండోరోజూ బాగానే నడిచింది. మూడోనాడు మధ్యాహ్నం టక్కున ఆగిపోయింది. తాడు లాగితే కదలలేదు. విప్పి చూస్తే పిస్టను రింగు రెండు తునకలై, ఒక తునక సిలిండరు గోడను పైనుంచి క్రిందికి గీసివేసింది. వాన వచ్చింది, బయానా వాపసు ఇవ్వవలసి వచ్చింది.

ఆ మెకానిక్కు చేతకానివాడని నేననను. బండి విషయంలో ఆయన నేర్పరే. కాని బండి ఇంజను వేరు, రంపం ఇంజను వేరు. ఎక్కడ వేరో తెలియాలంటే ఈ ఇంజను ఎట్లా పనిచేస్తుందో కొంచెం చూడాలి.

మన రంపం మిషను, మందు కొట్టే పవర్ స్ప్రేయరు, గడ్డి కోసే మిషను, వెనకటి చేతక్ స్కూటరు, ఇవన్నీ రెండు స్ట్రోకుల ఇంజన్లు. ఈ పద్ధతిని ఇంగ్లాండులో జోసెఫ్ డే అనే ఆయన 1891 ప్రాంతంలో రూపొందించినాడు. ఇందులో కవాటాలు లేవు. పిస్టనే కవాటం. సిలిండరు గోడకు కిటికీల వంటి రంధ్రాలుంటాయి, వాటినే పోర్టులంటారు. పిస్టను పైకి పోతున్నప్పుడు దాని క్రింది అంచు ఇన్‌టేకు కిటికీని తెరుస్తుంది. కార్బొరేటరు నుంచి పెట్రోలు కలిసిన గాలి క్రిందనున్న క్రాంకు గదిలోకి వస్తుంది. పైన మంట అంటుకొని పిస్టను క్రిందికి దిగేటప్పుడు దాని పై అంచు మొదట ఎగ్జాస్టు కిటికీని తెరుస్తుంది, పొగ బయటికి పోతుంది. ఇంకొంచెం దిగగానే ట్రాన్స్‌ఫరు కిటికీలు తెరుచుకొని, క్రాంకు గదిలో నొక్కుడుపడిన కొత్త గాలి పైకి ఎగదన్నుతుంది. రంపం పనిలో ఉన్నప్పుడు ఇదంతా నిమిషానికి తొమ్మిది పదివేల సార్లు జరుగుతుంది. ఏ కిటికీ ఎప్పుడు తెరుచుకొని ఎప్పుడు మూసుకొంటుందన్నది దాని అంచు ఎంత ఎత్తున ఉన్నదనే దానిని బట్టి ఉంటుంది. అందుచేత పోర్టును ఆకురాయితో రుద్దడమంటే గడియారం ముల్లును జరపడం వంటిది. రుద్దినది మళ్లీ అతికించుకోలేము.

ఇప్పుడు బండికీ రంపానికీ తేడా చెప్తాను. ఆర్‌ఎక్స్ 100 సిలిండరు లోపల పోత ఇనుప స్లీవు ఉంటుంది. గీతలు పడితే బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టను వేసుకోవచ్చు. మన రంపాల సిలిండరు చాలావరకు అల్యూమినియం. లోపలి గోడకు క్రోమియం వంటి గట్టి లోహపు పూత, వెంట్రుక మందాన మాత్రమే ఉంటుంది. దానికి బోరు కొట్టడమనేదే లేదు. పనిముట్టు దురుసుగా తగిలితే కిటికీ అంచున ఆ పూత పొరలుగా లేస్తుంది. లేచిన పొర రింగుకు కత్తి వంటిది. రెండవది, బండికి పొడుగాటి సైలెన్సరు గొట్టం ఉంటుంది. ఆ గొట్టంలో పొగ అలలాగా వెనక్కు తన్ని, బయటికి జారిపోబోయే కొత్త గాలిని మళ్లీ లోపలికి నెట్టుతుంది. ఎగ్జాస్టు పోర్టు పైకి కోసినా బండిలో ఆ లోటును గొట్టం పూడ్చుతుంది. రంపానికి ఉన్నది అగ్గిపెట్టె వంటి డబ్బా. అది ఆ పని చేయలేదు. పైకి కోసిన కొద్దీ పిస్టనును తొయ్యవలసిన మంట ముందుగానే బయటికి పోతుంది. ఉత్త గాలిలో మిషను కేకలు వేస్తుంది గాని మానులో దించగానే మూలుగుతుంది. కేకను చూసి బలమనుకొంటే మోసపోతాము.

ఇక బలం పెంచుకొనే ఉపాయాలకు వస్తాను. అన్నిటికన్న మొదటిది ఇంజనులో లేనేలేదు, గొలుసులో ఉన్నది. ఈ మాట చెప్పినప్పుడల్లా రైతులు నవ్వుతారు. “ఇంజను సంగతి అడిగితే గొలుసు సంగతి చెప్తవేంది సారూ” అంటారు. ఒకసారి వనపర్తి దగ్గర ఒక ఊళ్లో ఒకే తుమ్మ మొద్దును ఒకే మిషనుతో, మొదట ఉన్న గొలుసుతోను, తరువాత పదును పెట్టిన గొలుసుతోను వాళ్ల చేతనే కోయించినాను. రెండోసారి సగం కాలం కూడా పట్టలేదు. ఎంత పోర్టు కోసినా ఇంత తేడా రాదు.

ఈ గొలుసు పంటికి ఒక కథ ఉన్నది. 1946లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కట్టెకోత మనిషి, దుంగను తొలుస్తున్న పురుగును గమనించినాడు. మన మామిడి కాండం తొలిచే పురుగు వంటిదే. అది నారకు ఎదురుగా పొడవక, కుడికొకసారి ఎడమకొకసారి గీరుతూ పోతున్నది. దాని దవడలను చూసి ఆయన చేసిన పంటి రూపమే ఈనాటి గొలుసులన్నిటికీ మూలం. తోటల్లో మనకు శత్రువైన పురుగే పనిముట్టుకు గురువైంది.

సర్కారు తుమ్మ గట్టి కట్టె. పైగా బెరడు పగుళ్లలో ఇసుక ఉంటుంది. నేలకు ఆనించి మొదలు కోసేటప్పుడు ఒక్కసారి మట్టి తగిలితే చాలు, పదును పోయినట్లే. రంపం క్రింద పిండివంటి పొడి రాలుతుంటే గొలుసు మొండిబారిందని, సన్నని పేళ్లు రాలుతుంటే పదునుగా ఉన్నదని అర్థం. పదును పెట్టడానికి గుండ్రని ఆకురాయి కావాలి. చిన్న మిషన్లకు వచ్చే తక్కువ ఎత్తు గొలుసుకు 4 మిల్లీమీటర్లది, పాయింట్ 325 గొలుసుకు 4.8 మిల్లీమీటర్లది పనికివస్తుంది. పంటికి 30 డిగ్రీల వాలు పెట్టి, లోపలినుంచి బయటికి మాత్రమే తొయ్యాలి. వెనక్కి గుంజరాదు. ఒక పంటికి మూడు తోపులైతే అన్నిటికీ మూడే. పంటి ముందర చిన్న మెట్ట వంటిది ఉంటుంది, దానిని డెప్త్‌గేజి అంటారు. పన్ను అరిగినకొద్దీ ఆ మెట్టను కూడా చదునైన ఆకురాయితో కొంచెం తగ్గించాలి. పంటికన్నా అది 0.65 మిల్లీమీటరు క్రిందుగా ఉంటే సరి. తొందర కోత కోసం దానిని మరీ తగ్గించినవారి రంపం ఎగిరి మీదికి వస్తుంది, జాగ్రత్త.

బారు పొడవు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దుకాణంలో 22 అంగుళాల బారు చూసి మురిసిపోతాము. యాభై సి.సి. ఇంజనుకు అంత బారు బరువే. మన తుమ్మ మొదళ్లకు 18 అంగుళాలు చాలు. ఇంకొక మాట. మిషను మీద 58 సి.సి. అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మనక్కరలేదు. బోరు అడ్డకొలతను సెంటీమీటర్లలో తీసుకొని దానిని దానితోనే గుణించి, 0.7854తో గుణించి, స్ట్రోకు పొడవుతో గుణిస్తే అసలు సి.సి. వస్తుంది. మేము కొలిచిన ఒక మిషనులో బోరు 4.5, స్ట్రోకు 3.4. లెక్క వేస్తే 54 సి.సి. వచ్చింది. స్టిక్కరు మీద మాత్రం 58. పోర్టు కోసే ముందు ఈ నాలుగు సి.సి.లు ఎక్కడ పోయినవని అమ్మినవారిని అడగవలసి ఉన్నది.

రెండో ఉపాయం సైలెన్సరు. చాలా మిషన్లకు పొగ బయటికి పోయే రంధ్రం చిటికెనవేలంత ఉంటుంది. చప్పుడు తగ్గించడానికి అట్లా చేస్తారు. లోపలి పోర్టు 26 మిల్లీమీటర్ల వెడల్పు, 14 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్నదనుకొందాం. వైశాల్యం సుమారు 360 చదరపు మిల్లీమీటర్లు. బయటి రంధ్రం 10 మిల్లీమీటర్లదైతే దాని వైశాల్యం 80కి మించదు. ప్రక్కన 15 మిల్లీమీటర్ల రంధ్రం ఇంకొకటి వేస్తే మొత్తం 255 అవుతుంది. అంటే పోర్టులో ముప్పాతిక కన్నా కొంచెం తక్కువ. అంతకు మించి పోవద్దు. కొత్త రంధ్రం మనిషికి ఎదురుగా గాని, ప్లాస్టిక్ పిడి వైపు గాని ఉండకూడదు. డబ్బాను విప్పి బయటపెట్టి రంధ్రం వేసి, ఇనుప రజను దులిపిన తరువాతనే బిగించాలి. లోపలికి రజను పోతే సిలిండరు పోయినట్లే.

డబ్బాలో సన్నని జాలీ ఉంటుంది. నిప్పురవ్వలను ఆపేది అదే. గాలికి అడ్డమని దానిని పీకి పారేస్తున్నారు. ఎండాకాలం నల్లమల అంచున, ఎండిన బోదగడ్డిలో ఒక్క రవ్వ పడితే ఏమవుతుందో అమ్రాబాదు వైపు వారికి నేను చెప్పనక్కరలేదు. మసి పట్టితే జాలీని తీసి కాల్చి శుభ్రం చేయండి. కొత్త రంధ్రానికి కూడా జాలీ వేయండి. జాలీ లేని మిషనును గడ్డి ఉన్న చోట నడపనివ్వకుండా ఆపవలసినదిగా తోటి విస్తరణ సిబ్బందిని కూడా కోరుతున్నాను.

రంధ్రం పెంచి ఊరకుంటే ప్రమాదం. పొగ తేలికగా పోతే గాలి ఎక్కువగా వస్తుంది, దానికి తగినంత పెట్రోలు రాదు. పెట్రోలు తక్కువైతే నూనె కూడా తక్కువే, ఎందుకంటే నూనె వచ్చేది పెట్రోలులోనే. పిస్టను కాగిపోయి ఎగ్జాస్టు వైపు గీతలు పడి సీజు అవుతుంది. అందుచేత కార్బొరేటరును తిరిగి సర్దాలి. ఎల్ అని రాసిన సూది నెమ్మది నడకకు, హెచ్ అని రాసినది పూర్తి వేగానికి. మూడో మర కేవలం ఐడిలింగుకు. సూదులను ఎడమవైపు తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, కుడివైపు తిప్పితే తగ్గుతుంది. గాలి వడపోత శుభ్రంగా ఉండాలి. మిషను అయిదు నిమిషాలు నడిచి వేడెక్కి ఉండాలి. మొదట ఎల్, పిదప ఐడిలింగు, చివర హెచ్.

హెచ్ సూదిని చెవితో సర్దుకోవాలి. ఉత్త గాలిలో పూర్తిగా రేసు నొక్కినప్పుడు శబ్దం కొంచెం గొగ్గురుగా, బరబరమని తడబడుతున్నట్లు ఉండాలి. మానులో దించగానే ఆ తడబాటు పోయి శబ్దం నున్నగా మారాలి. అది సరైన గుర్తు. ఉత్త గాలిలోనే దోమ కూసినట్లు సన్నగా కీచుమంటే పెట్రోలు చాలడం లేదని అర్థం. వెంటనే రేసు వదిలి సూదిని ఎడమకు జరపండి. ఉత్త గాలిలో రెండు మూడు సెకన్ల కంటే రేసు పట్టుకోవద్దు. ప్లగ్గు విప్పి చూస్తే పాలు పోసిన చాయ రంగు ఉండాలి, తెల్లగా సున్నం పూసినట్లుంటే చెడ్డది. ఎంత తిప్పినా ఐడిలింగు నిలకడగా రాక పైకి క్రిందికి పోతుంటే ఎక్కడో దొంగగాలి పీలుస్తున్నది. చాలాసార్లు క్రాంకు ఆయిలు సీలు కారణం. అది మార్చకుండా సూదులు తిప్పడం వట్టి శ్రమ.

పెట్రోలు విషయంలో ఒక కొత్త చిక్కు వచ్చింది. 2025 నాటికి మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తున్నది. మన మొక్కజొన్న, చెరకు, నూకలతోనే అది తయారవుతున్నది కనుక రైతుగా నాకు సంతోషమే. కాని ఇథనాలు కలిసినప్పుడు ఇంజనుకు పెట్రోలు కొంచెం ఎక్కువ మోతాదు కావాలి. వెనకటి సర్దుబాటుతోనే నడిపితే పైన చెప్పిన కీచు వస్తుంది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది, నిలువ ఉంటే నీరు అడుగుకు చేరుతుంది, పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి. కలిపిన పెట్రోలును నెలలతరబడి నిలువ ఉంచవద్దు. పని లేని రోజులలో ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా మిషను నడిపి పెట్టండి. నూనె మాత్రం మంచి టూటీ నూనె, లీటరుకు 20 మిల్లీలీటర్లు అని డబ్బా మీద ఉంటుంది. మార్పు చేసిన మిషనుకు నేను 25 నుంచి 30 వరకు వేయిస్తున్నాను. కళ్లతో చూసి పోయడం కాదు, పశువుల మందు సిరంజితో కొలిచి పోయాలి.

మూడో ఉపాయం సిలిండరు అడుగు గాస్కెటు తీసివేయడం. నేను తప్పు చేసినది ఇక్కడనే.

పైన చెప్పిన అన్నదమ్ములు అప్పు చేసి కొత్త సిలిండరు, పిస్టను తెచ్చుకున్నారు. నన్ను ఫోనులో అడిగితే, ఎక్కడో చదివిన జ్ఞానంతో, “అడుగు గాస్కెట్ తీసేసి జిగురు పూసి బిగించు, నొక్కుడు పెరిగి బలం వస్తది” అని చెప్పినాను. చూడకుండా, కొలవకుండా చెప్పినాను. చేత్తో తిప్పినప్పుడు బాగానే తిరిగింది. పూర్తి వేగానికి పోగానే లోపల టకటకమని చప్పుడు వచ్చింది. పిస్టను నెత్తి సిలిండరు కప్పుకు తగులుతున్నది. బేరింగుల సందు, కడ్డీ సాగడం కలిసి వేగంలో పిస్టను ఒక పిసరు ఎక్కువ పైకి వస్తుంది. ఆ పిసరుకు చోటు లేకుండా చేసినాను. నేను పోయి చూసేసరికి పిస్టను నెత్తిన చంద్రవంకలాగా మచ్చ పడి ఉన్నది. పెద్దవాడు కోప్పడలేదు. “పోనీ సార్, మా మంచికేగద చెప్పిండ్రు” అన్నాడు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. పిస్టను డబ్బులు నేనిచ్చినాను గాని, వారు పోగొట్టుకున్న రోజులను ఇవ్వలేకపోయినాను.

కొలిచే పద్ధతి చాలా సులభం, అందుకే నాకు ఇంకా సిగ్గు. రేడియోలు, సెల్‌ఫోన్లు బాగుచేసే అంగట్లో సోల్డరు తీగ దొరుకుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకొని, ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండరు గోడ అంచుకు తగిలేటట్లు పెట్టి, పిస్టను ఒకసారి పైదాకా తిప్పాలి. తీగ చివర నలిగి పల్చబడుతుంది. ఆ చివరను వెర్నియరుతో కొలవాలి. గుడ్జన్ పిన్ను ఉన్న వరుసలో రెండు ప్రక్కలా కొలిస్తే పిస్టను ఊగకుండా సరైన లెక్క వస్తుంది. గాస్కెటు సాధారణంగా అర మిల్లీమీటరు. తీగ చివర 1.1 వచ్చిందనుకొందాం, గాస్కెటు తీస్తే 0.6 మిగులుతుంది, ఫరవాలేదు. అర మిల్లీమీటరు కంటే తక్కువ మిగిలే పక్షంలో గాస్కెటు ముట్టుకోవద్దు. ఆ అన్నదమ్ముల సిలిండరును తరువాత కొలిస్తే గాస్కెటుతోనే 0.6 ఉన్నది. తీసివేస్తే మిగిలింది పదోవంతు మిల్లీమీటరు.

గాస్కెటు తీస్తే కిటికీలన్నీ కూడా అర మిల్లీమీటరు క్రిందికి జరుగుతాయి. ఎగ్జాస్టు కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఇన్‌టేకు కొంచెం ముందుగా తెరుచుకుంటుంది. నెమ్మది వేగంలో లాగుడు పెరగడానికి నొక్కుడుతో పాటు అదీ ఒక కారణం. మన తుమ్మ కోతకు కావలసినది ఆ లాగుడే. గాస్కెటు బదులు పూసే జిగురు వేడికి, పెట్రోలుకు ఆగే రకం కావాలి. పల్చగా పూసి, నాలుగు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి.

నాలుగోది, అందరూ మొదట అడిగేది, పోర్టు కోయడం. కొత్త మిషను మీద ఎవరూ చేయి పెట్టవద్దు. పాడైన సిలిండరు ఏ మెకానిక్కు దగ్గరైనా పాత ఇనుము ధరకు దొరుకుతుంది. దాని మీద చేయి తిప్పుకొన్న తరువాతనే అసలుదానికి రావాలి. 1959లో వనపర్తి కోటలో ప్రారంభమైన పాలిటెక్నిక్‌లో చదువుకొన్న పిల్లలు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. కోణాలు, కొలతలు వారికి తెలుసు. ఒకరిని ప్రక్కన కూర్చోబెట్టుకొంటే మేలు. అట్టముక్క మీద 360 డిగ్రీల చక్రం గీసి ఫ్లైవీలుకు అంటించి, తీగ ముల్లు పెట్టి, ఏ కిటికీ ఏ డిగ్రీకి తెరుచుకొంటున్నదో మొదట కాగితం మీద రాసుకోవాలి. ఎగ్జాస్టు పైనుంచి సుమారు 100, 105 డిగ్రీల దగ్గర, ట్రాన్స్‌ఫరు 120 ప్రాంతంలో తెరుచుకోవడం మామూలు. 34 మిల్లీమీటర్ల స్ట్రోకు మిషనులో ఎగ్జాస్టు అంచును ఒక మిల్లీమీటరు పైకి కోస్తే సుమారు మూడున్నర డిగ్రీలు మారుతుంది. అంటే బియ్యపు గింజ మందమంత కోస్తే మిషను స్వభావమే మారిపోతుంది. నా సలహా ఎత్తు మార్చవద్దని. వెడల్పు మాత్రం, అదీ కొద్దిగా.

వెడల్పుకు హద్దు ఉన్నది. కిటికీ అడ్డకొలత బోరులో 65 శాతం దాటరాదు. 45 మిల్లీమీటర్ల బోరుకు 29. అంతకు మించితే రింగు కిటికీలోకి ఉబ్బి అంచుకు తట్టుకొని విరుగుతుంది. మూలలు నలుచదరంగా ఉండకూడదు, కోడిగుడ్డు కొనలాగా గుండ్రంగా ఉండాలి. ఆ అన్నదమ్ముల సిలిండరులో కిటికీ మూలలు పెట్టె మూలల్లాగా ఉన్నవి. రింగు కొనలు కలిసే చోటు కిటికీ మీదికి రాకుండా ఉన్నదో లేదో కోయకముందే చూసుకోవాలి. పిస్టను పూర్తిగా పైన ఉన్నప్పుడు దాని క్రింది భాగం ఎగ్జాస్టు కిటికీని అన్ని వైపులా కప్పి ఉండాలి. కిటికీని క్రిందికి గాని ప్రక్కలకు గాని అతిగా కోస్తే అక్కడ సందు పడి క్రాంకు గదిలోని కొత్త గాలి సైలెన్సరులోకి పోతుంది.

సిలిండరు గోడ మీద నీలి సిరా పూసి సూదితో గీత గీసుకొని, ఆ గీత లోపలనే ఆగాలి. చేతి గ్రైండరు వాడితే బోరులోనుంచి బయటి వైపుకు కోయాలి, బయటినుంచి బోరులోకి కోస్తే పూత లేస్తుంది. చివర కంసాలులు వాడే సన్నని ఆకురాయితోను, తరువాత ఎమరీ కాగితంతోను అంచును నలుదిక్కులా వాలుగా రుద్దాలి. గోటితో రాస్తే ఎక్కడా పట్టకూడదు. నిజం చెప్పాలంటే, పోర్టు ముట్టుకోకుండా ఈ అంచు పని ఒక్కటి చేసి, పోతలో మిగిలిపోయిన రజ్జులను, గాస్కెటు అడ్డుపడే చోట్లను నున్న చేస్తే చాలు, చవక మిషన్లలో చాలా మార్పు కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫరు కిటికీలను ఇంటి దగ్గర ముట్టుకోవద్దు. అవి వంకర దారులు, రెండు ప్రక్కలా సమానంగా కోయడం మన పనిముట్లతో కాదు. ఈమధ్య వస్తున్న కొన్ని మిషన్లలో పిస్టనుకు ప్రక్కన కూడా గాలి దారులుంటాయి, పొగ తగ్గించడానికి. అటువంటి వాటి జోలికి అసలే పోవద్దు. ఫ్లైవీలు తాళాన్ని రుద్ది మంట సమయం ముందుకు జరిపే పద్ధతి ఒకటి చెప్తారు. తాడు వెనక్కు తన్ని వేళ్లు విరిగినవారిని చూసినాను. నేను దానిని ప్రోత్సహించను.

పని అయిన తరువాత సిలిండరును కిరసనాయిలుతో, పిదప సబ్బునీళ్లతో కడిగి, తెల్లని బట్టతో తుడవాలి. బట్టకు నలుపు అంటనంతవరకు కడగాలి. వెంటనే నూనె పూయాలి.

బలం పెరిగిన మిషనులో గొలుసు మునుపటికంటే వేగంగా తిరుగుతుంది. అందుచేత చైను బ్రేకు ముందుకు తొయ్యగానే పట్టుతున్నదో లేదో ప్రతి ఉదయం చూడాలి. క్లచ్చు స్ప్రింగు సాగిపోయి ఉంటే ఐడిలింగులో కూడా గొలుసు తిరుగుతుంది, అట్లాంటి మిషనుతో పని చేయరాదు. చెవులకు అడ్డు, కళ్లకు అద్దాలు, కాళ్లకు గట్టి బూట్లు తప్పవు. సైలెన్సరు తెరిచిన మిషను పక్కన చెవులు మూసుకోకుండా పొద్దంతా పనిచేసినవాడికి రాత్రి చెవిలో గుయ్యిమంటుంది. అది క్రమంగా పోని చెవుడు. మిషనుకు వారంటీ ఉంటే, విప్పిన రోజుతో అది పోతుందని కూడా తెలిసి ఉండండి. చెట్టు కొట్టేముందు 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలో లేదో అడవి శాఖవారిని అడిగి తెలుసుకోవాలి. మిషను చప్పుడు దూరం వినిపిస్తుంది, తరువాత సంజాయిషీ చెప్పుకోవడం కష్టం.

ఆ అన్నదమ్ములు మూడోసారి మిషను కూర్చినప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. గాస్కెటు ఉంచినాము. పోర్టు ఎత్తు, వెడల్పు ముట్టుకోలేదు, అంచులు మాత్రం నున్న చేసినాము. సైలెన్సరుకు రెండో రంధ్రం, దానికి జాలీ, హెచ్ సూది పావు చుట్టు ఎడమకు, బారు 22 నుంచి 18కి. మొదటి ట్యాంకు సన్నని కొమ్మల మీదనే నడిపించి, ప్లగ్గు విప్పి రంగు చూసి, తరువాత మొదళ్లకు పెట్టినారు. మరుసటి ఎండాకాలం అదే పొలం అదే రైతు మళ్లీ వారికే అప్పగించినాడు. తుమ్మ మోడు మళ్లీ చిగుర్చి ఉన్నది మరి. ఈసారి వేరుతో సహా తవ్వి తీసినారు.

సోల్డరు తీగతో కొలిచే పద్ధతి, గొలుసు పదును పెట్టే పద్ధతి కళ్లారా చూడదలచినవారు మీ మీ రైతు వేదికల దగ్గర మా సిబ్బందిని అడగండి. వచ్చేటప్పుడు మిషనుతో పాటు గొలుసు కూడా తీసుకొనిరండి.